ఫ్రెంచ్ తేదీలు, వరస సంఖ్యలు, భిన్నాలు: ఇంగ్లిష్ అలవాటు ఎక్కడ తప్పు చేయిస్తుంది

ముందు తేదీలు సరిచేసుకోండి. ఇంగ్లిష్‌లో నెలంతా ఫస్ట్, సెకండ్, థర్డ్ అంటూ సాగుతుంది, తెలుగులోనూ ఒకటో తేదీ, రెండో తేదీ అంటాం. అందుకే మనవాళ్లకు ఇక్కడ తప్పు సులువుగా దొర్లుతుంది. ఫ్రెంచ్‌లో వరస సంఖ్య ఒకటో తేదీకే: మే ఒకటి 'లె ప్రెమ్యే మే'. రెండు నుంచి అన్నీ మామూలు సంఖ్యలే: మే రెండు 'లె దో మే', జులై పద్నాలుగు 'లె కతోర్జ్ జుయ్యే'. రాజుల పేర్లకూ ఇదే పద్ధతి: మొదటి ఫ్రాన్స్వాను 'ఫ్రాన్స్వా ప్రెమ్యే' అంటారు గానీ, పద్నాలుగో లూయీ 'లుయీ కతోర్జ్' మాత్రమే. శతాబ్దాలకు మాత్రం ఇంగ్లిష్‌లాగే వరస సంఖ్య వాడాలి.

వరస సంఖ్య కావాలంటే చివర 'ఇయెమ్' చేర్చండి. రాసేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త: నాలుగు, పదకొండు లాంటి 'ఈ' (e) అక్షరంతో ముగిసే సంఖ్యలకు ఆ చివరి 'ఈ' పోతుంది, అయిదుకు 'యు' చేరుతుంది, తొమ్మిదిలో 'ఎఫ్' కాస్తా 'వి' అవుతుంది. ఇరవై ఒకటోదానికి 'ప్రెమ్యే' పనికిరాదు, 'వాంతే యునియెమ్' అనాలి.

మాటల వరస కూడా తిరగబడుతుంది. మనం 'మొదటి రెండు అధ్యాయాలు' అంటాం, ఇంగ్లిష్‌దీ అదే క్రమం. ఫ్రెంచ్‌లో రెండు ముందొస్తుంది: 'లే దో ప్రెమ్యే షపీత్ర్'. 'గత మూడు వారాలు' అన్నా అంతే, మూడు ముందు.

భిన్నాల దగ్గర అసలు చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో మూడోదీ, మూడో వంతూ ఒకే 'థర్డ్'. ఫ్రెంచ్‌లో మూడో వంతు 'తియేర్', పావు 'కార్'. 'త్రువాజియెమ్' అంటే ఎదుటివాళ్లు మూడో మనిషి గురించో, మూడో వస్తువు గురించో అనుకుంటారు. అయిదో వంతు నుంచి రెండిటికీ ఒకే రూపం. జనాభాలో మూడింట రెండు వంతులు అనేటప్పుడు ముందు 'లే' మరిచిపోకండి: 'లే దో తియేర్ ద లా పొప్యులాసియోఁ'.

సగానికి రెండు మాటలున్నాయి. విద్యార్థుల్లో సగం అంటే 'లా మ్వాతియే', అక్కడ 'దెమి' కుదరదు. 'దెమి' కొలతలకు వస్తుంది. నామవాచకానికి ముందొస్తే హైఫన్‌తో కలుస్తుంది, మారదు: అరగంట 'యున్ దెమి-అర్'. వెనకొస్తే లింగాన్ని బట్టి మారుతుంది: గంటన్నరలో గంట స్త్రీలింగం కనుక 'దెమి' చివర 'ఈ' (e) అక్షరం చేర్చి రాయాలి, ఉచ్చారణ మారదు. రెండున్నర కిలోలు 'దో కీలో ఎ దెమి', అర చివరికే.

అంకెల్లో రాస్తే చుక్క బదులు కామా: 1,5. బహువచనం 2 నుంచే మొదలవుతుంది కాబట్టి లీటరున్నరకు ఇంగ్లిష్‌లాగా 'ఎస్' చేర్చకండి.