అన్నం తగ్గించారు సరే, అడిగేవాళ్లకి ఏం చెప్తారు?

హైదరాబాద్‌లో ఉంటూ లోకార్బ్ (అన్నం, చపాతీ లాంటి వాటిలో ఉండే పిండిపదార్థాలు, అంటే కార్బ్స్, తగ్గించి తినడం) చేయడంలో అన్నం మానడం ఏమంత కష్టం కాదు, రెండు మూడు వారాలు ఓపిక పడితే ఒంటికి అలవాటైపోతుంది. కష్టమల్లా మన ప్లేట్ మీద పక్కవాళ్ల కన్ను పడటమే. "అదేంటి, అన్నం పెట్టుకోలేదు?" అని మొదలవుతుంది, కూర దగ్గరికొచ్చేసరికి "షుగరా?" అవుతుంది, పెరుగు దగ్గరికొచ్చేసరికి "మా కొలీగ్ ఒకాయన ఇలాగే చేసి కిడ్నీలు పాడుచేసుకున్నాడు" దాకా పోతుంది. ఆకలికి తట్టుకోలేక మానేసేవాళ్లకంటే ఈ మాటలు పడలేక మానేసేవాళ్లే ఎక్కువని నా అనుమానం. అందుకే ఇక్కడ వంట సంగతి కొంచెం, జనం సంగతి ఎక్కువ రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు మాత్రం ఒక్కరి అభిప్రాయం అడిగి తీరాలి, అది డాక్టర్‌ది. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం, చపాతీ తగ్గిస్తే షుగర్ మరీ కిందికి పడిపోయి కళ్లు తిరుగుతాయి, డోసు ముందే మార్పించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్లది ఇంకో చిక్కు. కార్బ్స్ బాగా తగ్గిస్తే, షుగర్ రీడింగ్ పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగిపోయి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, వీళ్లెవరూ సొంతంగా మొదలుపెట్టొద్దు. మిగతావాళ్లు కూడా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్ట్) ఒకసారి చేయించి పెట్టుకుని, మూడు నెలలయ్యాక మళ్లీ చేయించండి. కొంతమందికి ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెరుగుతుంది, టెస్ట్ చేయిస్తే తప్ప అది తెలిసే దారి లేదు.

ఎంత తగ్గించాలి అంటే, రోజుకి 130 గ్రాముల లోపు కార్బ్స్ ఉంటే మామూలుగా లోకార్బ్ అంటారు, 50 లోపుకి వెళ్తే అది కీటో. వండిన తెల్లన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, మనం పూటకి పెట్టుకునేది సులువుగా 250 గ్రాములు దాటుతుంది, ఇక లెక్క మీరే వేసుకోండి. కీటోకే వెళ్లాలన్న రూలేం లేదు. నన్నడిగితే, ఇంట్లో నలుగురితో కలిసి తినేవాళ్లకి వంద చుట్టుపక్కల ఉండటమే మంచిది, పప్పూ పెరుగూ వదులుకోనక్కర్లేదు, గొడవలూ తక్కువ.

ఇక జనం. మీరు డైట్ చేస్తున్న విషయం ఒక్కరికే చెప్పండి, ఇంట్లో వంట చేసేవాళ్లకి. వాళ్లకి కూడా "నేను అన్నం తినను" అని చెప్పకండి, అమ్మకైనా అత్తయ్యకైనా అది వినపడేది "నీ వంట వద్దు" అనే. ఏం తింటారో చెప్పండి. "అమ్మా, రేపట్నుంచి నాకు కూర రెండింతలు కావాలి" అంటే ఆవిడకి ఒక పని దొరుకుతుంది, పైగా కొడుకు పస్తుండడని నమ్మకం కుదురుతుంది. వంట చేసేది మీరే అయితే ఈ బాధ లేదు, వేరే బాధలున్నాయి, మీకోసం ఒక రకం, పిల్లలకి ఇంకో రకం వండుతూ నెల తిరక్కముందే విసిగిపోతారు. కాబట్టి ఎవరు వండినా కూర ఒకటే ఉండాలి, అన్నం ఎవరు పెట్టుకుంటారన్నదే తేడా కావాలి.

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన కూరలన్నీ అన్నంలో కలుపుకోవడానికి లెక్కగట్టి వండినవి. ఉప్పూ కారం ఆ ముద్దకి సరిపడా వేస్తారు, అదే కూర గిన్నెడు ఉత్తగా తింటే నాలుక మండుతుంది, గంటకల్లా దాహం. అందుకని బీరకాయ కూరో దొండకాయ వేపుడో దించే ముందు, చివరి కారం చల్లకముందే మీ వాటా పక్కకి తీసేయండి. పరిమాణం కూడా మారాలి. నలుగురికి అరకిలో కూరగాయలు చాలిన ఇంట్లో, ఒకరు అన్నం మానితే ముప్పావు కిలో దాటాలి, లేకపోతే మీరు గిన్నె ఖాళీ చేసేస్తే మిగతావాళ్లు చారుతో సరిపెట్టుకోవాలి, అప్పుడు వచ్చే మాటలకి డైట్ కారణం కాదు, మీరే కారణం. ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డకో మెహదీపట్నానికో రైతుబజార్‌కి మీరే వెళ్లి సొరకాయ, బెండకాయ, కాకరకాయ, పాలకూర, తోటకూర, గంగవాయిలి కూర మోసుకురండి. సంచి మోసినవాణ్ణి ఇంట్లో ఎవరూ పెద్దగా ఏమీ అనరు.

కూరలొక్కటే తింటే నాలుగింటికల్లా కడుపు కాలుతుంది. గుడ్లు, చికెన్, చేప, మటన్ తినేవాళ్లకి ఇబ్బంది లేదు. శాకాహారులు పనీర్, గట్టి పెరుగు, మీల్ మేకర్, వేరుశెనగలు, నువ్వుల పొడి మీద ఆధారపడాలి, పప్పు ఒక కప్పు వరకు సరే కానీ అందులోనూ కార్బ్స్ ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆవకాయకి మాత్రం ఏ అడ్డూ లేదు, మామిడికాయ, ఆవపిండి, కారం, నూనె, ఒక చెంచాడులో కార్బ్స్ ఏపాటి ఉంటాయి? ఉప్పు ఒక్కటే చూసుకోవాలి. వేడి ఆమ్లెట్ మీద ఆవకాయ రాసుకుని తిని చూడండి, అన్నం తర్వాత అది పుట్టింది ఇందుకే అనిపిస్తుంది. కాలీఫ్లవర్ తురిమి అన్నంలా చేసుకునేవాళ్లు మూకుడు మీద మూత పెట్టొద్దు, నీరు ఊరి ముద్దైపోతుంది. పెద్ద మంట మీద పొడిపొడిగా వేయించి, ఉప్పు చివర్లో వేసి, పులిహోర పోపు పెట్టి నిమ్మకాయ పిండితే బాగానే ఉంటుంది. అన్నంలా ఉంటుందని మాత్రం నేను అబద్ధం చెప్పను.

మొదటి వారం తలనొప్పి, నీరసం వస్తే భయపడకండి. కార్బ్స్ తగ్గగానే ఒంట్లో నిలవున్న గ్లైకోజన్ (ఒళ్లు దాచుకున్న చక్కెర) తరుగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీళ్లూ పోతాయి, వాటితో పాటు ఉప్పూ పోతుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ రెండు గ్లాసులు తాగితే చాలామందికి తేరుకుంటుంది (బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు దీనికీ డాక్టర్‌ని అడగాలి). మొదటి వారం తగ్గే రెండు కిలోల్లో ఎక్కువ భాగం ఆ నీళ్లే, అందుకే ఆ సంతోషంలో ఫ్యామిలీ గ్రూప్‌లో వేయింగ్ మెషీన్ ఫొటో పెట్టకండి. వచ్చే పండగకి రెండు పూటలు పిండివంటలు తింటే ఆ నీళ్లు తిరిగొస్తాయి, గ్రూప్‌లో ఎవరో ఒకరు పాత ఫొటో వెతికి మరీ అడుగుతారు.

గ్రూప్ అన్నాక గుర్తొచ్చింది, మనవాళ్లలో తిండి మీద వాదన మొదలైతే మూడు పేర్లు రాక తప్పదు. మంతెన సత్యనారాయణరాజు గారిని నమ్మేవాళ్లు ఉప్పు, నూనె వద్దంటారు, ఖాదర్ వలీ గారిని నమ్మేవాళ్లు కొర్రలు, అరికెలు, సామలు తినమంటారు, వీరమాచనేని రామకృష్ణ గారిని నమ్మేవాళ్లు కొబ్బరినూనె తాగమంటారు. ముగ్గురి అభిమానులూ ఒకే ఇంట్లో ఉంటారు, మా ఇంట్లో ఉన్నారు. మీరు లోకార్బ్ అనగానే "అయితే నూనె తాగుతున్నావా?" అనే అడుగుతారు, తాగక్కర్లేదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోండి. ఎవరు గొప్ప అనే చర్చలోకి దిగితే తెల్లారుతుంది.

"అన్నం బదులు రాత్రిపూట చపాతీ తిను", "కొర్రన్నం తిను" అనేవాళ్లకి మాత్రం జవాబు తెలిసి ఉండటం మంచిది. కొర్రల్లో పీచు ఎక్కువే, తెల్లన్నం కంటే మేలే, కానీ వంద గ్రాముల పొడి గింజల్లో 60 గ్రాములకి అటూఇటూగా కార్బ్స్ ఉంటాయి. 2025లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ (దేశమంతా చేసిన షుగర్ సర్వే) ఫలితాలు చూస్తే, మన దేశంలో జనం తినే కేలరీల్లో దాదాపు 62 శాతం కార్బ్స్ నుంచే వస్తున్నాయి, బియ్యం బదులు గోధుమలకో చిరుధాన్యాలకో మారినంత మాత్రాన, మొత్తం తగ్గించకపోతే, షుగర్ ముప్పు తగ్గడం లేదని అందులోనే ఉంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దనే చెప్పింది. అది లోకార్బ్ చేయమని చెప్పడం కాదు, అలా అని అబద్ధం ఆడకండి. "తార్నాక వాళ్లే అన్నం తగ్గించమన్నారు మామయ్యా" అంటే సరిపోతుంది, పెద్దవాళ్లకి ఊళ్లో ఉన్న ప్రభుత్వ సంస్థ మీద గౌరవం ఉంటుంది.

పెళ్లిళ్లు, దావత్‌లు వేరే లోకం. బఫే అయితే సులువు, పిలిచినవాళ్లు చూసేది ప్లేట్లో ఏముందో కాదు, ప్లేట్ ఖాళీగా ఉందా లేదా అని. కూరలతో, పెరుగు చట్నీతో నింపుకుని వాళ్లు మీ ముందు నుంచి వెళ్లేదాకా చేతిలో పట్టుకుని నిలబడండి. స్టార్టర్లలో చికెన్ 65, అపోలో ఫిష్‌కి మొక్కజొన్న పిండి పూత ఉంటుంది, తందూరీ, కబాబులు నయం. ముస్లిం ఫ్రెండ్ ఇంట్లో పెళ్లైతే ముందు వచ్చే మరగ్ (మటన్ సూప్) రెండు కప్పులు తాగండి, పక్కన పెట్టిన నాన్ జోలికి పోకుండా. బంతి భోజనంలోనే ఇరుక్కుంటాం, అన్నం బకెట్‌తో వచ్చే కుర్రాడు ఎవరి మాటా వినడు, "కొంచెమే" అంటే ఒక గరిటె పడిపోతుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "ముందు కూరలు రానీ తమ్ముడూ" అనండి, వాడు వరస చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసరికి చాలా టైమ్ పడుతుంది. పడిన అన్నం మాత్రం వదిలేయకండి, పప్పూ నెయ్యీ కలిపి ఆ నాలుగు ముద్దలు తినేయండి, విస్తట్లో అన్నం పారేస్తే పిలిచినవాళ్లకి నొప్పి.

అత్తారింట్లో కాదనడం కంటే అడగడం బాగా పనిచేస్తుంది. "ఏం బాబూ, వంట నచ్చలేదా?" అనే ప్రశ్న గాల్లో ఉండగానే "అత్తయ్యా, ఆ గుత్తొంకాయ ఇంకో రెండు వేయండి" అనాలి. రెండోసారి అడిగి పెట్టించుకున్నవాణ్ణి అన్నం ఏదని ఎవరూ నిలదీయరు. ప్రసాదం దగ్గర లెక్కలు వేయొద్దు, చెంచాడు చక్కెర పొంగలి కళ్లకద్దుకుని తింటే ఏ డైటూ చెడదు, దాన్ని పట్టుకుని అర్చకుడికి కార్బ్స్ వివరించేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

ఆఫీసులో పుట్టినరోజు కేకు తీసుకుని, చేతిలో టిష్యూతో సహా పట్టుకుని సీటుకి వెళ్లిపోండి. ఇరానీ చాయ్‌లో చాలా హోటళ్లలో చక్కెర ముందే కలిసిపోయి ఉంటుంది, ఒక్క కప్పు తాగదలిస్తే తాగండి, దాంతో వచ్చే ఉస్మానియా బిస్కెట్లు మానేయండి. బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్‌లో ముక్కలు ఏరుకోవడం మాత్రం మహాపాపం, మీకు డైట్, మిగతా ముగ్గురికి ఉత్త రైస్. మీకు తలావా గోష్తో (మటన్ వేపుడు) తందూరీ చికెనో విడిగా ఆర్డర్ పెట్టుకోండి, మిర్చీ సాలన్ ఎలాగూ వస్తుంది. రంజాన్‌లో హలీం సంగతి అడక్కండి, అందులో గోధుమలు, పప్పులు ఉంటాయని తెలుసు, ఆ సాయంత్రం ఒక గిన్నె తిని ఇంకేమీ తినకుండా పడుకుంటా.

"చిక్కిపోయావ్, మొహం పీక్కుపోయింది" అనే మాట బరువు తగ్గిన ప్రతివాళ్లకీ వస్తుంది. నిద్ర సరిగ్గా పడుతోందా, మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, రిపోర్టులు బాగున్నాయా, ఇవి మీరు చూసుకోండి, మొహం సంగతి వాళ్లకి వదిలేయండి. జుట్టు ఊడటం, నీరసం వారాల తరబడి పోకపోవడం లాంటివి ఉంటే అప్పుడు నవ్వి ఊరుకోకూడదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొన్ని నెలలయ్యాక గాలి తిరుగుతుంది. ఇన్నాళ్లూ వెక్కిరించిన బావే ఒక రాత్రి ఫోన్ చేసి "ఆ చార్ట్ ఏదో నాకూ పంపు, రేపట్నుంచే మొదలుపెడతా" అంటాడు. పంపకండి. మీకు కుదిరింది ఆయనకి కుదురుతుందన్న గ్యారంటీ లేదు, ఆయనకి షుగర్ ఉంటే అసలే కుదరకపోవచ్చు. "నువ్వు వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి ముందు మీ డాక్టర్‌కి చూపించి రా బావా, చార్ట్ తర్వాత చూద్దాం" అని ఫోన్ పెట్టేయండి.