తిరుపతిలో చదువుకుంటూ స్టూడెంట్ అంబాసిడర్‌గా పార్ట్‌టైమ్ చేయడం ఎలా?

మే నెల తిరుపతి ఎండ గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో మెడలో ఐడీ కార్డు వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని, వెనక పదిమంది తల్లిదండ్రుల్నీ వాళ్ల పిల్లల్నీ వెంటేసుకుని క్యాంపస్ అంతా తిరుగుతూ కనిపిస్తారే, వాళ్లే స్టూడెంట్ అంబాసిడర్లు. ఎంబీఏ చదివిన రెండేళ్లూ నేను ఆ పని చేశాను, తిరుపతి దగ్గరే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. ఇప్పుడు జూనియర్లు "అక్కా, అది ఎట్లా వస్తుంది, డబ్బులిస్తారా, చదువు దెబ్బతినదా" అని అడుగుతుంటే ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టలేక ఇది రాస్తున్నాను.

1. ముందు అది ఏ పనో తేల్చుకోండి

అంబాసిడర్ అనే పేరుతో మూడు రకాల పనులు తిరుగుతున్నాయి. మొదటిది యూనివర్సిటీయే పెట్టుకునేది: క్యాంపస్ చూపించడం, ఎడ్యుకేషన్ ఫెయిర్‌లో స్టాల్ దగ్గర నిలబడటం, ఫోన్‌లో అడిగినవాళ్లకి జవాబులు చెప్పడం. రెండోది ఏదో ఒక కంపెనీ యాప్‌ని మీ స్నేహితుల చేత డౌన్‌లోడ్ చేయించడం, చివర్లో సర్టిఫికెట్ పీడీఎఫ్ వస్తుంది, అంతే. మూడోది సీటుకి ఇంత అని కమిషన్ మాట్లాడుకుని పిల్లల్ని తెచ్చిపెట్టడం. మన వైపు దీన్ని పీఆర్వో పని అంటారు, ఎండాకాలం వచ్చిందంటే కొన్నిచోట్ల లెక్చరర్లనే ఊళ్ల మీదికి తోలేస్తారు, తెలుసు కదా.

ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది: "సార్, డబ్బు రోజుకా, గంటకా, అడ్మిషన్‌కా?" అడ్మిషన్‌కి అన్నారంటే నా మాట విని లేచి వచ్చేయండి. కమిషన్ కోసం మీరు చేర్పించేది మీ పిన్ని కూతుర్నే అవుతుంది, రేపు ఏ తేడా వచ్చినా నాలుగేళ్లపాటు పెళ్లిళ్లలో ముఖం చూపించలేరు.

2. ఎక్కడ అడగాలి, ఎప్పుడు అడగాలి

నోటీసు బోర్డు చూస్తూ కూర్చుంటే రాదు. ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీ 1983 నుంచి ఉంది, వాటి గురించి ప్రతి ఇంట్లో చదివిన అత్తో మామో ఒకరు చెప్పేస్తారు. కొత్తగా వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలకి ఆ నోటిమాట లేదు. అందుకే చదువుతున్న పిల్లల చేతే చెప్పించుకుంటాయి, కాబట్టి ఈ పని దొరికేది ఎక్కువగా అక్కడే.

ఇంజినీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ హడావుడి మేలో మొదలై కౌన్సెలింగ్ అయ్యేదాకా సాగుతుంది. ఫిబ్రవరి, మార్చిలోనే అడ్మిషన్స్ ఆఫీసుకి నేరుగా వెళ్లి అడగండి. మేడమ్ బిజీగా ఉంటే ఇలా ఒక మెసేజ్ పెట్టండి, నేను పెట్టింది దాదాపు ఇదే:

"నమస్తే మేడమ్, నేను ఎంబీఏ మొదటి సంవత్సరం. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మాట్లాడతాను. హాస్టల్లోనే ఉంటాను, శని ఆదివారాలు పూర్తిగా రాగలను. క్యాంపస్ చూపించడానికి విద్యార్థులు కావాల్సి వస్తే నన్ను పిలవండి."

ఇందులో పని చేసింది తమిళం అనే ఒక్క మాట. వేలూరు, తిరుత్తణి వైపు నుంచి వచ్చేవాళ్లు బాగానే ఉంటారు. చిత్తూరు, నగరి, పుత్తూరు పిల్లలకి తమిళం ఎటూ వచ్చు, కానీ అదీ ఒక అర్హతేనని ఎవరికీ తట్టదు.

3. ఇంటర్వ్యూ

పెద్దగా ఏమీ ఉండదు. "నేను పేరెంట్‌ని అనుకో, మా వాణ్ణి ఇక్కడ ఎందుకు చేర్చాలో చెప్పు" అంటారు. అందరూ బ్రోచర్ అప్పజెబుతారు: న్యాక్ గ్రేడు, ప్లేస్‌మెంట్లు, ఎకరాలు. నేను మాత్రం మొదటి సెమిస్టర్‌లో అకౌంట్స్ అర్థం కాక ఏడ్చిన సంగతి, మా సార్ సాయంత్రం ఐదు తర్వాత కూర్చోబెట్టి చెప్పిన సంగతి చెప్పాను. అవతల కూర్చున్నావిడ నవ్వి "సోమవారం రా" అంది. మీకు జరిగినదే ఒకటి చెప్పండి, చిన్నదైనా పర్లేదు.

4. డబ్బు, హాజరు: ముందే కాగితం మీద పెట్టుకోండి

మొహమాటపడేది ఇక్కడే, మునిగేదీ ఇక్కడే. రోజుకి ఎంత, ఎప్పుడు ఇస్తారు, మధ్యాహ్నం భోజనం ఉందా, ఫెయిర్ కోసం చిత్తూరుకో మదనపల్లెకో పంపితే బస్సు ఛార్జీలు ఎవరివి, ఈ నాలుగూ అడిగి మెయిల్‌లో పెట్టించుకోండి. కొన్నిచోట్ల చేతికి డబ్బు ఇవ్వరు, ఫీజులో తగ్గిస్తారు. అదీ మంచిదే, కాకపోతే ఎంత తగ్గిస్తారో, ఏ సెమిస్టర్‌లో తగ్గిస్తారో రాసి ఉండాలి.

మొదటి ఏడాది నేను ఇవేవీ అడగలేదు. నెలాఖరుకి ఇస్తామన్న డబ్బు మూడు నెలలకి వచ్చింది, అందులోనూ నాలుగు రోజులు ఎగిరిపోయాయి, ఎందుకంటే ఆ రోజుల్లో నేను వచ్చినట్టు ఎవరి దగ్గరా రాసి లేదు. రెండో ఏడాది ఒక పాకెట్ డైరీ పెట్టుకున్నాను. తేదీ, వచ్చిన టైము, వెళ్లిన టైము, పక్కన ఇన్‌చార్జి సార్ పొట్టి సంతకం. మళ్లీ ఒక్క రూపాయి పోలేదు.

హాజరు ఇంకో తలనొప్పి. 75 శాతం లేకపోతే పరీక్ష దగ్గర ఇబ్బంది పెడతారు. క్లాసు టైమ్‌లో పనికి పిలిస్తే ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే ఆ క్లాసుకి హాజరు వేయడం) ఇస్తారా అని ముందే అడిగి, ఇస్తామంటే ఆ లెటర్ అదే వారం డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేయండి. "తర్వాత చూద్దాంలే" అనుకుని నేను 71 దగ్గర ఆగాను. హాజరు తక్కువైనా పరీక్ష రాయనిచ్చేందుకు తీసుకునే కండోనేషన్ ఫీజు కట్టాక లెక్క చూసుకుంటే ఆ సీజన్ సంపాదన సగం మళ్లీ యూనివర్సిటీకే వెళ్లిపోయింది. మిడ్ పరీక్షల వారం మాత్రం ఎవరు పిలిచినా రానని చెప్పేయండి.

5. క్యాంపస్ తిప్పడం

అసలు పని ఇదే, నేర్చుకోవాల్సిందీ ఇక్కడే ఎక్కువ. ముందు రోజు ఒంటరిగా దారంతా ఒకసారి నడిచి టైమ్ చూసుకోండి. నాకు 50 నిమిషాలు పట్టేది. అదే మోకాళ్ల నొప్పుల అవ్వ ఒకరు గుంపులో ఉంటే గంటా ఇరవై.

తిరుపతికే ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఇక్కడికి సగం మంది క్యాంపస్ కోసమని ప్రత్యేకంగా రారు, కొండకి వచ్చి, పనిలో పనిగా కాలేజీ కూడా చూసిపోదామని వస్తారు. పది గంటలకి వస్తామన్నవాళ్లు దర్శనం ఆలస్యమై ఒంటిగంటకి దిగుతారు, ఇంటిల్లిపాదీ గుండ్లతో, చేతిలో లడ్డూ కవర్లతో, రాత్రంతా కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని నిద్రలేని కళ్లతో. వాళ్ల దగ్గర "వెల్కమ్ టు అవర్ క్యాంపస్" అని మొదలెడితే మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. "దర్శనం బాగా అయిందా, ఏమైనా తిన్నారా" అని అడిగి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చాక అడుగు బయట పెట్టండి. రెండు లడ్డూ ముక్కలు మీకూ వస్తాయి. దర్శనానికి ఇంకా వెళ్లనివాళ్లయితే మీ యూనివర్సిటీ వాళ్లు దర్శనానికి సిఫారసు లెటర్ ఇప్పిస్తారా అని తప్పకుండా అడుగుతారు, ఇప్పించలేమని నవ్వుతూ అక్కడే తేల్చేయండి.

ఆఫీసు వాళ్లు ముందు ల్యాబులు, ఆడిటోరియం చూపించమంటారు. నా అనుభవంలో ఆడపిల్లని తీసుకొచ్చిన ఇంటివాళ్లకి హాస్టల్ చూసేదాకా ఇంకేదీ తలకెక్కదు. ఒకసారి పలమనేరు వైపు నుంచి టమాటా పండించే రైతు ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. రోబోటిక్స్ ల్యాబ్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. హాస్టల్లో తండ్రుల్ని అనుమతించే మోడల్ రూమ్‌కి వెళ్లగానే నేరుగా బాత్రూమ్ తలుపు తీశాడు. ఫినాయిల్ వాసన గుప్పుమంది, పొద్దున్నే కడిగినట్టున్నారు. కుళాయి తిప్పి, కింద అరచెయ్యి పెట్టి, ధార సన్నగిల్లుతుందేమోనని చాలాసేపు అట్లే నిలబడ్డాడు. తర్వాత చెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ నన్ను అడిగాడు:

"నీళ్లు ఎప్పుడూ ఇట్లే వస్తాయా పాపా, లేక మాకు సూపించేదానికని ఇప్పుడు ఇడిచినారా?"

నేను అదే హాస్టల్లో ఉంటాను. "మార్చి, ఏప్రిల్‌లో మూడో అంతస్తుకి సాయంత్రం పూట రావు అంకుల్, ట్యాంకర్ వచ్చేదాకా బకెట్‌తో కింది నుంచి మోసుకుంటాం. కింది అంతస్తు అడగండి" అన్నాను. నా వెనకున్న ఆఫీసు సార్ దగ్గాడు. ఆ అమ్మాయి అక్కడే చేరింది, కింది అంతస్తులోనే.

తల్లులు వేరే. అందరి ముందూ ఏమీ అడగరు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని పక్కకి లాగి అడుగుతారు. గేటు ఎన్నింటికి వేస్తారు, వార్డెన్ ఎట్లాంటిది, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారు, ర్యాగింగ్ ఉందా. ర్యాగింగ్ గురించి అడిగితే "మా దగ్గర లేదు" అని ఊరుకోకుండా యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ వాళ్ల ర్యాగింగ్ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522 రాసి ఇచ్చేదాన్ని, ఆ చీటీని పర్సులో దాచుకునేవాళ్లు. అమ్మాయిలూ, ఈ పనికి మిమ్మల్ని ఎందుకు వెతుక్కుంటారో అర్థమైంది కదా.

వీలైతే పన్నెండున్నరకి మెస్ దగ్గర తేలేలా చూసుకోండి. మంగళవారం సంగటి, చెనక్కాయ పచ్చడి పెట్టే రోజైతే ఇంక మీరు నోరు విప్పక్కర్లేదు.

6. ఫీజు అడిగినప్పుడు

నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. పాకాల నుంచి వచ్చిన ఒక కుటుంబానికి బస్సు ఫీజు ట్యూషన్ ఫీజులోనే కలిసి ఉంటుందని ధీమాగా చెప్పేశాను. లేదు, వేరే. చేరిన రోజు కౌంటర్ దగ్గర ఆ తండ్రి జేబులో డబ్బు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకోవడం చూశాను. నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అప్పట్నుంచి ఆ ఏడాది ఫీజుల కాగితం లేకుండా టూర్‌కి వెళ్లలేదు. ట్యూషన్, హాస్టల్, మెస్, బస్సు, పరీక్ష ఫీజు, డిపాజిట్, అన్నీ విడివిడిగా చదివి చివర్లో మొత్తం చెప్పండి. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా అంటే ముందు సీటు కన్వీనర్ కోటాదా (కౌన్సెలింగ్‌లో వచ్చేది), మేనేజ్‌మెంట్ కోటాదా అని అడగండి, మేనేజ్‌మెంట్ సీటుకి రాదని నీళ్లు నమలకుండా చెప్పండి. జూన్, జులైలో మన మామిడి రైతులు ఇంకోటి అడుగుతారు: "బెంగళూరా కాయలు తోలినాం, ఫ్యాక్టరీ వాళ్లు ఇంకా డబ్బులు ఇయ్యలేదు, కంతుల్లో కట్టచ్చా?" దీనికి మీరు జవాబు చెప్పకండి, అకౌంట్స్ సెక్షన్‌కి వెంట తీసుకెళ్లండి. తెలియనిది ఏదడిగినా "కనుక్కుని సాయంత్రం చెప్తాను" అనండి, సాయంత్రం నిజంగా ఫోన్ చేయండి.

"ఎస్వీయూ మంచిదా, మీది మంచిదా" అని అడిగితే మాత్రం మీ కోర్సు వరకే మాట్లాడండి, ఇంకో చోటుని తక్కువ చేయకండి. వాళ్లింట్లో ఎవరో ఒకరు అక్కడ చదివే ఉంటారు.

రెండు పనులు ఎవరు చెప్పినా చేయకండి. ఒకటి, కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే పిల్లల వెబ్ ఆప్షన్ల పాస్‌వర్డ్, ఓటీపీ తీసుకుని మీరే ఆప్షన్లు పెట్టడం. "సాయం చేస్తున్నావు అంతే" అంటారు, వాళ్ల నాలుగేళ్లు మీ వేలి కింద ఉంటాయని చెప్పరు. రెండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టించడం. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

7. ఫోన్ నంబరు

సొంత నంబరు ఇవ్వకండి. సీజన్ కోసం ఒక సిమ్ ఆఫీసునే ఇవ్వమనండి, రాత్రి ఎనిమిదికి స్విచాఫ్ చేయండి. నా నంబరుకి చేరికలైపోయాక కూడా ఆర్నెల్లపాటు "అక్కా గుడ్ మార్నింగ్" గులాబీ పూలు వచ్చాయి.

8. బయటి దేశం వెళ్తే

ఇక్కడ ఈ పని చేసినవాళ్లకి అక్కడ ఇదే పని దొరకడం తేలిక. అక్కడి యూనివర్సిటీల్లో ఇది గంటల లెక్కన జీతమిచ్చే ఉద్యోగం, ఓపెన్ డేలకి విద్యార్థుల్నే పెట్టుకుంటారు. వీసా గంటలు మాత్రం మరిచిపోకండి. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ విద్యార్థికి సాధారణంగా టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, అదీ అన్ని పనులూ కలిపి. అంబాసిడర్‌గా 8 గంటలు చేస్తే కేఫ్‌లో మిగిలేది 12 మాత్రమే. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి క్యాంపస్ లోపలి పనికి క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48 గంటలు. ఈ నిబంధనలు మారుతుంటాయి, చేరేముందు అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

9. లెటర్ తీసుకునే బయటికి రండి

సీజన్ అయిపోగానే, అంటే ఇన్‌చార్జి సార్ ఇంకా అదే కుర్చీలో ఉండగానే, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడగండి. "చురుకైన విద్యార్థిని" లాంటి మాటలు ఎందుకూ పనికిరావు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మొత్తం ఎన్ని రోజులు, ఏయే భాషల్లో, ఏయే ఫెయిర్లలో పని చేశారో రాయించండి. డ్రాఫ్ట్ మీరే టైప్ చేసి తీసుకెళ్తే అదే రోజు సంతకం అవుతుంది, రోజుల లెక్క ఎటూ మీ డైరీలో ఉంటుంది. నా లెటర్ మీద సార్ సంతకం పెట్టేటప్పుడు మళ్లీ దగ్గాడు, మూడో అంతస్తు నీళ్లు గుర్తొచ్చాయేమో.