మౌనంలో కూర్చోలేకపోతున్నారా? తేడా ఎక్కడుందో చూడండి

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో ప్రార్థనంటే నోరారా చేసేదే. మైకు, తబలా, స్తోత్రాలు. అది మంచిదే. దానికి తోడు దేవుని ఎదుట రోజూ ఓ పావుగంట మాట్లాడకుండా కూర్చుందామని మొదలుపెట్టినవాళ్లు మాత్రం వారం తిరక్కుండానే మానేస్తుంటారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఇవే.

సమస్య: కళ్లు మూసుకోగానే బుర్రలో సంత మొదలవుతుంది

చీటీ డబ్బులు తెలుగులో, ఆఫీసు కాగితాలు ఒడియాలో గుర్తొస్తాయి. ఈ గోలని మౌనం తెచ్చిపెట్టలేదు. ఎప్పుడూ ఉన్నదే, పనుల్లో పడి మనకి వినబడలేదంతే. దాంతో కుస్తీ పట్టారో, ఆ పావుగంటా కుస్తీకే సరిపోతుంది. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో బతికిన సన్యాసులకీ ఇదే బాధ. వాళ్ల దగ్గర నేర్చుకున్న జాన్ కాసియన్ చెప్పిన మందు చిన్నది: 70వ కీర్తన మొదటి వచనాన్ని పట్టుకుని, మనసు జారినప్పుడల్లా దాని దగ్గరికే రావడం. మీరు 'యేసయ్యా' అన్న ఒక్క మాట పెట్టుకున్నా చాలు. ఇరవైసార్లు జారితే ఇరవైసార్లూ తిరిగి రండి. నన్నడిగితే ఆ తిరిగి రావడమే అసలు ప్రార్థన.

సమస్య: నిద్ర ముంచుకొస్తుంది

మిల్లులో నైట్ డ్యూటీ చేసొచ్చి కూర్చుంటే రాక ఏం చేస్తుంది? పడుకోండి. 1 రాజులు 19లో ఏలీయా బదరీచెట్టు కింద పడి నిద్రపోతే దేవదూత గద్దించలేదు. లేపి, రొట్టె తినిపించి, మళ్లీ పడుకోనిచ్చాడు. ఏలీయాకి దేవుని నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాతే.

సమస్య: ఇంట్లో నిశ్శబ్దమనేదే లేదు

పట్టాల పక్క ఇళ్లలో గూడ్సు బండి వెళ్తుంటే గిన్నెలు గలగలలాడతాయి. వెళ్లనివ్వండి. బండి చప్పుడుతో మౌనం చెడదు, ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెడితే చెడుతుంది. ఫోను సంగతి వేరు, దాన్ని పక్క గదిలో పెట్టాల్సిందే. మార్కు 1:35లో ప్రభువు ఇంకా చాలా చీకటుండగానే లేచి వెళ్లాడు. మనకైతే కుళాయి నీళ్లు రాకముందు.

సమస్య: "ఇది మన పద్ధతి కాదు" అంటారు

ఇది బయటినుంచి తెచ్చుకున్నదన్న అనుమానం అది. కానీ క్రైస్తవుల్లో ఇది పాతదే. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళిలో 6వ అధ్యాయం మౌనం గురించే. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైన క్వేకర్లు అనే క్రైస్తవ సమాజానికైతే మొదట్నుంచీ వచ్చిన ఆరాధనే మౌనం. మనసుని ఖాళీ చేసుకోవడం దీని ఉద్దేశం కాదు, ఒకరి మాట వినడానికి కూర్చోవడం. పాస్టరు అయ్యగారికి ముందే చెప్పండి. వీలైతే ఆదివారం ప్రసంగం అయ్యాక రెండు నిమిషాలు అందరూ ఊరకుండేలా అడగండి. చాటుగా చేస్తేనే అనుమానాలు.

సమస్య: అలిగాననుకుంటున్నారు

"అత్తయ్యా, పావుగంట ప్రార్థనలో ఉంటాను, తర్వాత పిలవండి" అని ఒక్కమాట చెబితే పోతుంది. నిజంగానే అలిగి, దానికి భక్తి ముసుగు వేస్తున్నారా? మత్తయి 5:24 చెప్పినట్టు ముందు వెళ్లి సమాధానపడండి, మౌనం తర్వాత చూసుకోవచ్చు.

సమస్య: ఏ అనుభూతీ లేదు

లేకపోతే పోయింది. టైమవగానే పరలోక ప్రార్థన చెప్పుకుని లేచిపోండి.

సమస్య: ఏడుపొస్తుంది, పాత భయాలు పైకొస్తాయి

కాస్త కన్నీళ్లయితే ఫరవాలేదు. కానీ ఇంట్లో ఈమధ్యే చావు జరిగినా, గుండె దడ, నిద్రపట్టకపోవడం రోజూ ఉంటున్నా ఒంటరిగా కూర్చోవడం ఆపండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కనే కూర్చున్నారు. అలా పక్కన కూర్చునే మనిషిని పిలుచుకోండి. తగ్గకపోతే జిల్లా ఆసుపత్రికి వెళ్లండి, లేదా మానసిక బాధలకి సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డాక్టరు మందులు రాస్తే ప్రార్థన పేరు చెప్పి మానొద్దు.