దొడ్డిదారిన తెరిచిన ఆట, ఆ తరువాత మొదలయ్యే తిప్పలు: సమస్య - పరిష్కారం

కొనని ఆటను కొన్నట్టు, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ యాప్‌ను నమ్మించే టూల్స్ కర్నూలు, అనంతపురం హాస్టళ్లలో పెన్‌డ్రైవ్‌ల ద్వారా చేతులు మారుతుంటాయి. వాటిని వాడిన కంప్యూటర్లలో కనిపించే లక్షణాలు ఇవి.

సమస్య: ఆట ఆడకపోయినా ఫ్యాను మోగుతూనే ఉంటుంది, టాస్క్ మేనేజర్ తెరవగానే సద్దుమణుగుతుంది.

కారణం: మే నెలలో మన ప్రాంతంలో ఆ మోతను ఎండ ఖాతాలో వేయడం సహజమే గాని, ఎండవల్ల వచ్చిన మోత టాస్క్ మేనేజర్‌ను చూసి ఆగదు. అలా తప్పుకునేది క్రిప్టో మైనర్, అంటే మీ కంప్యూటరు శక్తితో దొంగచాటుగా మరొకరికి క్రిప్టోకరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రాం. 2024 డిసెంబరు 31న మొదలైన స్టారీడోబ్రీ దాడిలో, గ్యారీస్ మాడ్ వంటి ఆటల రీప్యాక్‌లలో (మళ్లీ ప్యాక్ చేసి పంచే అనధికార కాపీలలో) దాచిన మైనర్ సరిగ్గా ఇలాగే ప్రవర్తించిందని సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ వెల్లడించింది.

పరిష్కారం: ఇలాంటి టూల్స్ చాలావరకు విండోస్‌లోని యాంటీవైరస్ అయిన డిఫెండర్‌ను ఆపమనో, తమ ఫోల్డరును తనిఖీ నుంచి మినహాయించమనో అడుగుతాయి, ప్రమాదమంతా ఆ అనుమతిలోనే ఉంది. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్ల (మినహాయింపుల) జాబితాను ఖాళీ చేసి, రక్షణను తిరిగి ఆన్ చేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి.

సమస్య: లాగిన్ అయ్యేటప్పుడు అడిగే స్టీమ్ గార్డ్ కోడ్ ఎవరికీ చెప్పకపోయినా మీ ఖాతాలోకి మరెవరో ప్రవేశించారు.

కారణం: సమాచారం దొంగిలించే మాల్‌వేర్ బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు, సెషన్ టోకెన్లను, అంటే మీరు అప్పటికే లాగిన్ అయ్యారని చూపే డిజిటల్ గుర్తులను కూడా ఎత్తుకుపోతుంది. ఆ టోకెన్ ఉన్నవారిని కోడ్ అడగాల్సిన అవసరమే రాదు.

పరిష్కారం: అదే కంప్యూటరులో పాస్‌వర్డ్ మార్చకండి, ఎందుకంటే కొత్తది కూడా దొంగకే చేరవచ్చు. మాల్‌వేర్ సోకని ఫోను నుంచి మొదట ఈమెయిల్, తరువాత స్టీమ్ పాస్‌వర్డ్ మార్చి, స్టీమ్ గార్డ్‌లో అన్ని పరికరాల అనుమతినీ రద్దు చేసి, మీరు సృష్టించని ఏపీఐ కీ (ఇతర ప్రోగ్రాములు మీ ఖాతా తరఫున వాడే తాళం లాంటి కోడ్) ఉంటే తొలగించండి. ఇంట్లో పెద్దవారు అదే కంప్యూటరులో నెట్‌బ్యాంకింగ్ చేస్తుంటే భయపడి దాచకుండా వెంటనే వారికి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఆ తరువాత విండోస్‌ను పూర్తిగా కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నేను నమ్మే మార్గం.

సమస్య: అప్‌డేట్ తరువాత ఆట తెరుచుకోదు.

కారణం: ఆటను స్టీమ్‌తో కలిపే, టూల్ మార్చేసిన స్టీమ్ ఏపీఐ డీఎల్‌ఎల్ ఫైలు కొత్త వెర్షన్‌తో పొసగకపోవచ్చు.

పరిష్కారం: కొన్న ఆటైతే స్టీమ్‌లో ఫైళ్ల సమగ్రతను సరిచూసుకోండి. కొనని ఆటకు మరో క్రాక్ వెతకడం ఇదే జబ్బును మళ్లీ తెచ్చుకోవడం. దాన్ని తీసేసి, సేల్‌లో ధర తగ్గినప్పుడు కొనండి. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది.