ఎండాకాలం ట్రెక్కింగ్‌కు తలగుడ్డ: చుట్టుకునే ముందు ఈ జాగ్రత్తలు

మండుటెండలో కొండెక్కుతూ మధ్యలో ఆగి, తలగుడ్డ తడిపి నెత్తిన చుట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. మెడ మీదుగా చల్లదనం వీపులోకి దిగుతుంది. ఇంకో గంట ఆగకుండా నడవగలం అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే జాగ్రత్తగా ఉండమంటాను. చల్లబడింది తలా మెడా మాత్రమే, ఒంటి లోపలి వేడి అలాగే ఉంది. మెడకు చల్లటి పట్టీలు కట్టి, వేడి గదుల్లో పరుగెత్తించి చూసిన పరిశోధనల్లోనూ ఇదే కనిపించింది. పట్టీ కట్టుకున్నవాళ్లు ఎక్కువసేపు పరుగెత్తారు, కానీ లోపలి వేడి తగ్గినందువల్ల కాదు. మామూలుగా మనిషి పరుగు ఆపేసే స్థాయిని దాటి వేడి పైకి పోయినా వాళ్లకు తెలియలేదు. ప్రయోగశాలలోనైతే థర్మామీటరు చూసి ఆపేవాళ్లుంటారు. కొండ మీద మనల్ని మనమే ఆపుకోవాలి.

తలగుడ్డ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అరబ్బు ఎడారుల్లో షెమాగ్, ఘుత్రా, కెఫియ్యే అనే పేర్లతో తరతరాలుగా ఎండ నుంచీ ఇసుక గాలి నుంచీ కాపాడుతున్న గుడ్డ అది. మీటరుకు కాస్త ఎక్కువ పొడవు, అంతే వెడల్పు ఉండే నలుచదరం నూలుగుడ్డ. ఎండలో బయల్దేరేటప్పుడు నా సంచిలో ముందు పడేది అదే. అయితే అది ఎంతవరకు ఆదుకుంటుందో, ఎక్కడ మోసం చేస్తుందో ముందే తెలిసి ఉండాలి.

గుడ్డను ఇంట్లోనే పరీక్షించండి

షెమాగ్ పేరుతో అమ్మేవాటిలో పాలియెస్టర్ కలిపినవి చాలా ఉంటాయి. అంచున ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. నూలైతే కాగితంలా కాలి, వేలితో రాస్తే పొడయ్యే మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. అలాంటిది చెమట పీల్చదు, నీళ్లూ పట్టుకోదు. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు ఉతికాకే వాడండి. మొదటిసారే కొండకు పట్టుకెళ్తే నీళ్లు జారిపోతాయి, మెడ ఒరుసుకుపోతుంది.

తర్వాత గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుగు ధారాళంగా కనిపిస్తే అతినీలలోహిత కిరణాలు కూడా అలాగే వస్తాయి. పల్చటి తెల్ల నూలు బనీను గుడ్డ ఆ కిరణాల్లో దాదాపు ఐదో వంతు నుంచి ఏడో వంతు దాకా లోపలికి వదులుతుంది. తడిస్తే అది మూడో వంతు దాకా పోవచ్చు. చల్లగా ఉందని తడి గుడ్డను ఒకే పొరగా వేసుకుని నడిస్తే చర్మం కాలేది అందుకే. కనీసం రెండు పొరలు పడేలా మడవండి. మెడకూ చెవులకూ గుడ్డ కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోండి.

రంగు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఎడారిలో బెదూయిన్లు అనే సంచార అరబ్బులు నల్ల అంగీలు ఎందుకు వేసుకుంటారో తేల్చడానికి కొందరు శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 1980లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. నల్లది వేసుకున్నా తెల్లది వేసుకున్నా ఒంటికి చేరిన వేడి ఒకటే. నల్ల బట్ట ఎక్కువ వేడి పీల్చిన మాట నిజమే, కానీ అంగీ వదులుగా ఉండటంతో ఆ వేడి చర్మాన్ని చేరకముందే గాలిలో కలిసిపోయింది. తలగుడ్డకూ ఇదే నేర్చుకోవాలి. రంగు కంటే వదులు ముఖ్యం. తప్పిపోతే దూరం నుంచి కనిపించాలి కాబట్టి నేను మాత్రం ముదురు నారింజ రంగు ఎంచుకుంటాను. ఇంకో మాట. నలుపు తెలుపు గళ్ల కెఫియ్యే 1930ల నుంచి పాలస్తీనా పోరాటానికి గుర్తు. ఎరుపు తెలుపు గళ్లది జోర్డాన్‌లో జాతీయ వేషధారణలో భాగం. ఆ అర్థాలు తెలిసి కట్టుకోవాలి. తెలియనిచోట సాదా రంగు గుడ్డే మేలు.

గుడ్డతో పాటు ఒంటినీ అలవాటు చేయాలి. శరీరం వేడికి సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చల్లటి ఊళ్లో ఉండి ఒక్కసారిగా నడివేసవిలో పెద్ద ట్రెక్కుకు పోకండి. రోజూ కాసేపు ఎండలో నడుస్తూ, ఆ సమయం కొంచెం కొంచెంగా పెంచండి. తలగుడ్డ కట్టుకునే నడవండి. మీకు ఏ కట్టు నప్పుతుందో, ఏది జారిపోతుందో అప్పుడే తెలుస్తుంది.

కట్టులో చేసే తప్పులు

తలగుడ్డకు ముందుకు పొడుచుకొచ్చిన అంచు ఉండదు. ముక్కు, బుగ్గలు, కళ్లు ఎండకే వదిలేసినట్టు. కాబట్టి ముందు అంచున్న టోపీ పెట్టుకుని, దాని మీద త్రికోణంగా మడిచిన గుడ్డ వేసి, వెనక చెంగును మెడ మీదికి వదలండి. నల్ల కళ్లద్దాలు వేరే ఉండాల్సిందే.

నెత్తికి బిగించి చుట్టడం చాలామంది చేసే పని. బిగువుగా ఉంటే గాలి ఆడదు, కణతలు నొక్కుకుని తలనొప్పి వస్తుంది. ఆ నొప్పి కట్టు వల్ల వచ్చిందో వడదెబ్బకు మొదటి గుర్తో తేల్చుకోలేక అవస్థ పడతారు. గుడ్డకూ తలకూ మధ్య నాలుగు వేళ్లు సులువుగా దూరాలి. చెవులు పూర్తిగా మూసేయకండి. పైనుంచి రాయి దొర్లినా, వెనక నుంచి తోటివాళ్లు కేకేసినా వినబడాలి. ముక్కూ నోరూ కప్పడం దుమ్ము లేచినప్పుడే. నిటారు దారిలో ఎక్కుతూ మూతికి గుడ్డ కట్టుకుంటే ఊపిరి ఆడక తొందరగా అలిసిపోతారు. ఇసుక రేణువుల్ని గుడ్డ ఆపుతుంది గానీ సన్నటి ధూళిని, పొగను ఆపలేదు. అడవిలో కార్చిచ్చు పొగ కనబడితే గుడ్డ కట్టుకుని ముందుకు పోవడం కాదు, వెనక్కి తిరగాలి.

వేలాడే చెంగులతో ప్రమాదం మామూలుది కాదు. ఒకసారి రాళ్లదారిలో దిగుతుంటే గాలికి నా చెంగు లేచి కళ్లకు అడ్డం పడింది. ఒక్క అడుగు తప్పింది, అరచేయి చీరుకుపోయింది. పక్కన లోయ లేదు కాబట్టి అంతటితో పోయింది. అప్పటి నుంచి రెండు చెంగులూ చొక్కా కాలరులోకి దోపుకోకుండా దిగే దారి పట్టను. తాడు పట్టుకుని దిగేచోట, తాడు పరికరాల దగ్గర, పొయ్యి దగ్గర, సైకిలు మీద ఉన్నప్పుడు గుడ్డ తీసి సంచిలో పెట్టండి. నాట్యకారిణి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్సులోని నీస్‌లో చనిపోయింది మెడలోని పొడవాటి వస్త్రం కారు చక్రంలో చుట్టుకునే. మెడ చుట్టూ ముడి వేయాల్సివస్తే లాగగానే ఊడిపోయే జారుముడే వేయండి. పిల్లల మెడకు అసలు కట్టొద్దు. కట్టుకుని నిద్రపోవద్దు.

తడపాలా, వద్దా

తలగుడ్డ విషయంలో అన్నిటికంటే ఆలోచించాల్సింది ఇదే. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. అయితే గుడ్డలోని నీరు ఆ వేడిలో చాలా భాగం చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. అదే నీళ్లు తాగితే చెమటగా మారి ఒళ్లంతా చర్మం మీదే ఆవిరవుతాయి, వేడి నేరుగా ఒంటి నుంచి పోతుంది. గుడ్డ ఒకసారి బాగా తడవాలంటే మందాన్ని బట్టి పావు లీటరు నుంచి అర లీటరు నీళ్లు పీల్చేస్తుంది. కాబట్టి తాగే నీళ్లతో గుడ్డ తడపకండి. వాగు, చెలమ, కుంట దొరికినచోట తడుపుకోండి. తాగునీళ్లు తాగడానికే. ఈ నియమాన్ని ఒకే ఒక్క సందర్భంలో మీరొచ్చు, అది కింద చెబుతాను.

పొడి గాలిలో తడి గుడ్డ చూస్తుండగానే ఆరిపోతుంది. అంటే మీ చెమట కూడా అంతే వేగంగా, చొక్కా తడవకుండానే ఎగిరిపోతోందన్నమాట. చెమట పట్టలేదు కదా అని నీళ్లు తాగడం తగ్గించేది ఇలాంటిచోటే. ఉక్కపోతగా ఉన్నచోట దీనికి పూర్తిగా తలకిందులు. గుడ్డ ఎంతకీ ఆరదు, చెమట బొట్లు బొట్లుగా కారుతుంది కానీ ఆవిరి కాదు. అక్కడ తడి గుడ్డ కప్పుకోవడమంటే ఉడుకుతున్న గిన్నె మీద మూత పెట్టడమే. పిండేసి, మెడ దగ్గర వదులు చేసి, గాలి తగలనివ్వండి. నడక వేగం తగ్గించండి. ఉక్కపోతలో తలగుడ్డ నీడనిస్తుంది, చల్లదనాన్నివ్వలేదు.

దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకొకసారి పావు లీటరు చొప్పున తాగండి. గంటకు ఒకటిన్నర లీటరు దాటకండి. గంటల తరబడి వట్టి నీళ్లే తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఓఆర్ఎస్ గానీ ఉప్పున్న తిండి గానీ వెంట ఉండాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే తల ఎంత చల్లగా ఉన్నా నీడన కూర్చోవలసిందే. నేనైతే పన్నెండుకు ముందే నడక ఆపి, ఎండ వాలాక మళ్లీ మొదలుపెడతాను.

ఎలా అనిపిస్తోందన్నది నమ్మకుండా గడియారాన్ని నమ్మండి. గంటకోసారి పది నిమిషాలు నీడలో ఆగి, తలగుడ్డ తీసేసి కూర్చోండి. తీశాక తల దిమ్ముగా ఉందా, వికారంగా ఉందా, పిక్కలు పట్టేస్తున్నాయా చూసుకోండి. వీటిలో ఏది ఉన్నా ఆ రోజుకు నడక చాలు.

వడదెబ్బ తగిలితే

తోటి మనిషి మాట తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా, తూలినా, దారి గురించి ఉత్తినే గొడవపడినా అనుమానించండి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే ముందు దెబ్బతినేది మెదడే. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవద్దు. నడిచి నడిచి వడదెబ్బ తిన్నవాళ్లకు చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది.

ఇందాక చెప్పిన సందర్భం ఇదే. తాగే నీళ్లైనా సరే వాడేయండి. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి, తలగుడ్డను విసనకర్రలా పట్టుకుని గట్టిగా విసరండి. ఇంకో గుడ్డ ఉంటే తడిపి ఛాతీ మీద, చంకల్లో, గజ్జల్లో వేసి, వేడెక్కగానే మళ్లీ తడపండి. వేడెక్కిన తడి గుడ్డ కప్పి ఊరుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ. సాయానికి వెంటనే ఫోను చేయించండి, కానీ అది వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర ఇవ్వొద్దు, ఇది జ్వరం కాదు.

గుడ్డతో చేయకూడనివి

పాము కరిస్తే చేతిలో తలగుడ్డ ఉంది కదా అని కాటు పైన బిగించి కట్టేస్తారు. వద్దే వద్దు. రక్తం ఆడక కాలో చెయ్యో దెబ్బతింటుంది, విప్పగానే పరిస్థితి ఒక్కసారిగా విషమించవచ్చు. గుడ్డ పనికొచ్చేది కరిచిన కాలినో చేతినో కర్రకు వదులుగా కట్టి కదలకుండా ఉంచడానికి. ఆ మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. రక్తం కారే గాయానికైతే శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీదే గట్టిగా అదిమి పట్టండి. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి త్రికోణం మడత చక్కగా సరిపోతుంది.

గుడ్డలో వడకట్టిన నీళ్లు తాగొచ్చని చాలామంది నమ్మకం. దానికి కొంత ఆధారం లేకపోలేదు. బంగ్లాదేశ్‌లోని మత్లాబ్‌లో పాత నూలుచీరను మడతలు పెట్టి నీళ్లు వడకట్టించి చూస్తే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించారు. కలరా సూక్ష్మజీవులు నీటిలోని చిన్న చిన్న ప్రాణులను అంటిపెట్టుకుని ఉంటాయి, గుడ్డ ఆ ప్రాణులతో పాటు సూక్ష్మజీవుల్నీ ఆపుతుంది. విడిగా తిరిగే బ్యాక్టీరియా, వైరస్‌లు మాత్రం నేత సందుల్లోంచి హాయిగా దాటిపోతాయి. వడకట్టాక ఆ నీటిని సలసలా ఒక నిమిషం మరగనివ్వాలి. రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులోనైతే మూడు నిమిషాలు.

పొద్దు వాలాక

ఎడారిలో, కొండ మీద పగలు ఎంత మాడ్చినా రాత్రి చలి వణికిస్తుంది. పగలంతా మేలు చేసిన తడి గుడ్డే అప్పుడు ఒంటిలోని వేడిని లాగేస్తుంది. పొద్దు వాలకముందే తీసి ఆరేయండి. పొడిగా ఉన్న రెండో గుడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచుకుంటే రాత్రి మెడకు చుట్టుకోవచ్చు. దాని బరువు పెద్దగా ఉండదు.

ఇంటికి వచ్చాక ఉతికే ముందు గుడ్డను ఒకసారి విప్పి చూడండి. నుదురు తగిలినచోట, మెడ తగిలినచోట తెల్లటి చారలుంటాయి. అది మీ ఒంట్లోంచి పోయిన ఉప్పు. చారలు చిక్కగా, చేతికి గరగరలాడుతూ ఉంటే మీరు ఉప్పు ఎక్కువ పోగొట్టుకునే మనిషి. తర్వాతి నడకకు ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఎక్కువ పెట్టుకోండి. మెత్తదనం కోసం వేసే ద్రావణాలేవీ వేయకుండా ఉతకండి, అవి వేస్తే నూలు నీళ్లు పీల్చడం మానేస్తుంది.