పింఛను మీద బతికే ఇంటికి బ్యాంకు అప్పు పుట్టాలంటే

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి ఎన్టీఆర్ భరోసా పింఛను చేతికిస్తారు. వృద్ధులకు, వితంతువులకు 4,000, దివ్యాంగులకు 6,000. ఆ డబ్బు నోట్లుగానే వచ్చి నోట్లుగానే ఖర్చయిపోతుంది. అందుకే బ్యాంకు లెక్కలో మీకు ఆదాయమే లేనట్టు ఉంటుంది. పింఛను అందిన ఒకటి రెండు రోజుల్లో 3,000 అయినా ఖాతాలో వేసి, అవసరాన్ని బట్టి తీసుకోండి. ఆరు నెలలు తప్పకుండా చేస్తే పాసుబుక్కులో నెలనెలా ఒక జమ కనిపిస్తుంది. శాఖ దూరమైతే ఊళ్లోని బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున డబ్బు వేసి, ఇచ్చే ఏజెంటు) దగ్గర వేలిముద్రతో వేయొచ్చు. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.

బ్యాంకుల్లో 'పెన్షన్ లోన్' అని ఉండేది సర్కారు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు, వాళ్ల కుటుంబ పెన్షన్‌దారులకు. భరోసా పింఛను చూపిస్తే అది రాదు. ఇప్పిస్తానని కమిషన్ అడిగే మనిషికి రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక సిబిల్ స్కోరు, అంటే అప్పు ఇచ్చేముందు బ్యాంకు చూసే మార్కు. ఇది 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఇందులో ఆదాయం లెక్కలోకి రాదు. పింఛను 4,000 అయినా, జీతం లక్ష అయినా స్కోరు చూసేది తీసుకున్న అప్పుకు కంతు గడువులో పడిందా లేదా, ఎన్ని అప్పులున్నాయి, ఈమధ్య ఎన్నిచోట్ల అప్పు అడిగారు అన్నవే. ఎప్పుడూ అప్పు తీసుకోనివాళ్లకు స్కోరు బదులు -1 అనో 'ఎన్‌హెచ్' అనో వస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు, చరిత్ర లేదని మాత్రమే అర్థం. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్లను తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు (ఆర్‌బీఐ) బ్యాంకులకు చెప్పింది. మేనేజరు దగ్గర ఈ మాట ధైర్యంగా చెప్పండి.

అప్పు అడగడానికి ముందే క్రెడిట్ రిపోర్టు, అంటే మీ అప్పుల చరిత్ర ఉండే కాగితం, చూసుకోవాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల వెబ్‌సైట్లోనే తీసుకోండి. నెలనెలా డబ్బు కట్టే ప్లాను చూపిస్తే వదిలేయండి. పాన్ కార్డు ఉంటే పని సులువు. లేకపోతే ఆధార్‌లో పుట్టిన తేదీ పూర్తిగా ఉండి, మొబైల్ లింకు అయి ఉంటే, ఆదాయపు పన్ను శాఖ సైట్లో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది. సొంత రిపోర్టు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. ఒకే వారంలో నాలుగు ఫైనాన్స్ కంపెనీల్లో అప్లికేషన్ పెడితే తగ్గుతుంది.

మన వైపు తప్పులు ఎక్కువగా పేరు దగ్గరే వస్తాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక. పుట్టినరోజు తెలియక జనవరి 1 అని రాయించినవాళ్లు ఎందరో. ఒకే ఊళ్లో ముగ్గురు మునెమ్మలుంటే ఒకరి అప్పు ఇంకొకరి రిపోర్టులో ఎక్కవచ్చు. మీది కాని అప్పు, తీరినా బాకీ చూపిస్తున్న అప్పు, ఎప్పుడో పెట్టిన జామీను సంతకం: ఈ మూడింటినీ ఓపికగా వెతకండి. సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి పాత అప్పు ఏ పేరు కింద ఉందో, రెండు పేర్ల కిందా ఉందో చూడండి.

తప్పు కనిపిస్తే ఆ సంస్థ సైట్లోనే ఫిర్యాదు పెట్టి, అప్పిచ్చిన బ్యాంకుకూ కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. అప్పటికీ పని జరగకపోతే ఇలాంటి ఫిర్యాదులు తీర్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు, ఖర్చేమీ లేదు.

పాత మొండిబాకీ ఉంటే జాగ్రత్త. 20,000 బాకీకి 12,000 కడితే చాలంటారు. కట్టాక రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, అది చూసి తర్వాతి బ్యాంకు వెనకాడుతుంది. నిదానంగానైనా మొత్తం తీర్చి 'క్లోజ్డ్' అని పడేలా చూసుకుని, బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు. తిండి మానేసి కట్టమని మాత్రం చెప్పడం లేదు.

కొత్తగా అప్పు కావాలంటే మొదట డ్వాక్రా సంఘం. సంఘానికి 3 లక్షల లోపు బ్యాంకు అప్పు 7 శాతం వడ్డీకి దొరుకుతుంది. ఆ వడ్డీకి 10,000 తీసుకుని ఏడాదిలో తీరిస్తే నెలకు సుమారు 865, మొత్తం 10,383. అదే 10,000 బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 3,600 పోతుంది, అసలు అలాగే ఉంటుంది. సంఘం కంతు లీడరు చేతికిచ్చి ఊరుకోకండి. బ్యాంకులో జమ కాకపోతే దెబ్బ మీ మీద కూడా పడొచ్చు. నెలకోసారి సంఘం పాసుబుక్కు అడిగి చూడండి.

జన్‌ధన్ ఖాతా ఆరు నెలలు బాగా నడిస్తే ఇంటికి ఒకరికి 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో డబ్బు లేకపోయినా తీసుకునే అప్పు) అడగొచ్చు, 2,000 వరకు షరతులుండవు. 65 ఏళ్లు దాటితే ఇది వర్తించదు. తోపుడుబండి, పూలు, టిఫిన్ల వ్యాపారం ఉంటే పీఎం స్వనిధి కింద మొదటి విడత 15,000 వస్తుంది. మున్సిపాలిటీ ఇచ్చే వీధి వ్యాపారి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. వయసు మీరినవాళ్లకు బంగారం మీద అప్పే సులువు. కానీ వడ్డీ నెలనెలా కట్టండి, ఏడాది చివరికి పేరుకుని కట్టలేకపోతే నగ వేలానికి పోవచ్చు.

4,000 పింఛను ఇంటికి అన్ని కంతులూ కలిపి 1,000 దాటకపోతే మంచిది. మైక్రోఫైనాన్స్ అప్పులకు కంతులు ఇంటి ఆదాయంలో సగం దాకా ఉండొచ్చని ఆర్‌బీఐ పరిమితి, కానీ మందులు కొనే ఇంటికి సగం చాలా ఎక్కువ. ఆ కంపెనీల వసూలు మనుషులు పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ఫోన్లో నిమిషంలో అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగితే అక్కడే తీసేయండి. ఇప్పటికే బెదిరిస్తుంటే ఇంకో యాప్‌లో తెచ్చి కట్టకుండా, స్క్రీన్‌షాట్లు దాచుకుని సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.