పేట ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కుర్రకారును రప్పించడం ఎలా: విశాఖ క్లబ్బులకు ఒక పాత కార్యదర్శి సూచనలు

ఆదివారం సాయంత్రం విశాఖలో ఏ ఫుట్‌బాల్ టర్ఫ్ (అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం) దగ్గరకు వెళ్లి చూసినా, గంట అద్దె తలా కొంత వేసుకున్న కుర్రాళ్లు తమ వంతు ఎప్పుడొస్తుందా అని గేటు బయట కాచుకుని ఉంటారు. అదే సాయంత్రం దగ్గరలోని మట్టి గ్రౌండులో రెండు పాత క్లబ్బులు తలపడుతుంటే, చూడడానికి వచ్చినవాళ్లలో పాతికేళ్ల లోపువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలోనూ సగం మంది ఆటగాళ్ల తమ్ముళ్లే. కుర్రాళ్లకు ఆట మీద ఇష్టం పోయిందని మా తరం కార్యదర్శులు చాలాకాలం సరిపెట్టుకున్నాం. అది నిజం కాదు. సాయంత్రం టర్ఫ్ మీద ఆడి, రాత్రి ఫోనులో ఇంగ్లండు మ్యాచ్ చూసి పడుకునే కుర్రాడికి ఆట మీద ఇష్టం మనకంటే ఎక్కువే ఉంది. మన మ్యాచ్‌లో ఎవరు గెలిచినా తనకు ఒరిగేదీ పోయేదీ లేదు కాబట్టి రావడం లేదు, అంతే. అందువల్ల క్లబ్బు ముందుగా వెతుక్కోవలసింది గోల్స్ కొట్టే మంచి ఫార్వర్డును కాదు, సరైన ప్రత్యర్థిని.

గెలుపు ఒక్కటే జనాన్ని తెస్తుందనుకునేవారు హైదరాబాద్ ఎఫ్‌సీ కథ గుర్తు చేసుకోవాలి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలుచుకుంది. అయినా ఆ రాత్రి గ్యాలరీలు నిండా పసుపు చొక్కాలే, అంటే ఓడిన జట్టు అభిమానులే. తరువాత ఆర్థిక ఇబ్బందుల్లో పడిన ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టున్న ఊరికి ఇది జరిగింది.

ప్రత్యర్థిని ఎంచుకోవడం

కలకత్తాలో మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో. రెండో క్లబ్బు పుట్టుకకు కారణం, మోహన్ బగాన్‌తో ఆడవలసిన జట్టులోంచి ఒక ఆటగాణ్ని తప్పించడం మీద వచ్చిన కోపం. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ కోపాన్ని తమది చేసుకున్నాయి. నేటికీ ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలస చేప (మన గోదావరికి ఎదురీది పులసగా పేరు పడేది అదే), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య వండుకుంటారు. 1997లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌లో ఈ రెండూ ఎదురైనప్పుడు సాల్ట్ లేక్ స్టేడియానికి లక్షా ముప్పై వేల మందికి పైగా వచ్చారు. బైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టిన ఆ మ్యాచ్‌ను ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలుచుకుంది.

మనకు అంత చరిత్ర లేదు, అక్కరలేదు కూడా. రెండు పేటల మధ్య పంతం పుట్టాలంటే దూరం కంటే దగ్గరతనమే ముఖ్యం. మ్యాచ్ అయిన మర్నాడు రెండు పేటల కుర్రాళ్లూ ఒకే బస్సు ఎక్కి, ఒకే కాలేజీలో దిగితేనే ఓడినవాడికి అది గుచ్చుకుంటుంది. కంచరపాలెం, మర్రిపాలెం వైపు కుర్రాళ్లకు ఎక్కడో గుంటూరు జట్టు మీద పగ పుట్టదు గాని, ఎన్‌ఏడీ కొత్తరోడ్డులో రోజూ ఎదురుపడే గోపాలపట్నం వాళ్ల మీద సరదా పంతం ఇట్టే పుడుతుంది. మల్కాపురం, గాజువాకలకూ అంతే. మధ్యలో ఒక రైలు గేటో, గెడ్డో, కొండ మలుపో ఉంటే మరీ మంచిది. అటువాళ్లు, ఇటువాళ్లు అనడానికి ఒక గుర్తు దొరుకుతుంది. అయితే ఆ గీత కులం మీదుగా గాని, మతం మీదుగా గాని, పార్టీ మీదుగా గాని పోతున్నట్లు ఏ మాత్రం అనిపించినా ఆ జోడీని వదిలేసి మరొకటి చూసుకోవాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఎంచుకున్నాక అవతలి క్లబ్బు పెద్దలతో కూర్చుని, ఏడాదికి రెండే మ్యాచ్‌లు, ఒకటి వాళ్ల గ్రౌండులో, ఒకటి మన గ్రౌండులో అని రాసుకోవాలి. ఆశపడి నాలుగైదు పెడితే, ఓడినవాడు వచ్చే వారమే బాకీ తీర్చుకోవచ్చని తేలికపడతాడు. ఆరు నెలలు మాట పడవలసి రావడంలోనే మ్యాచ్‌కు విలువ ఉంది.

తేదీ, సమయం

సంక్రాంతికి పెడదామని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు గాని, విశాఖలో సగం ఊరు భోగికి ముందే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సొంతూళ్లకు కదిలిపోతుంది. అందరూ తిరిగొచ్చిన తరువాతి ఆదివారం పెట్టుకోవడం మేలు. అక్టోబరు, నవంబరులను తుపాన్లకు వదిలేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటి గ్రౌండ్ల పరిస్థితి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. నేవీ విన్యాసాలు పెట్టిన రోజు జనమంతా ఆర్కే బీచ్‌లో ఉంటారు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున రోడ్లే దొరకవు. మధురవాడ స్టేడియంలో క్రికెట్ ఉన్న రోజు జోలికి అసలు పోకూడదు. 2005లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన గ్రౌండుతో మన సున్నపు గీతల గ్రౌండు పోటీ పడలేదు.

సమయం విషయంలో మా క్లబ్బు చాలా ఏళ్లు నాలుగున్నరకు మొదలుపెట్టి, రెండో సగం చీకట్లో ఆడించింది. తూర్పు తీరం కాబట్టి నవంబరు, డిసెంబరుల్లో మనకు ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. మూడుంబావుకు విజిల్ ఊదితే, మధ్యలో పావుగంట విరామంతో కలిపి ఐదు దాటేసరికి ఆట ముగుస్తుంది. పిల్లలకు కబుర్లకూ తిండికీ గంట మిగులుతుంది. ఆ తరువాత వాళ్లు ఇంటికెళ్లి తమ ఇంగ్లండు మ్యాచ్ చూసుకోవచ్చు; అక్కడ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యేది చలికాలంలో మనకు ఏడున్నరకు వస్తుంది. మాంచెస్టర్ జెర్సీ వేసుకొచ్చిన కుర్రాణ్ని చూసి ముఖం చిట్లించే పెద్దలు మా కమిటీలోనూ ఉన్నారు. వాడు ఆ జెర్సీతోనే మన గట్టు మీద కూర్చోనివ్వండి. రెండింటికీ పోటీ పెడితే ఓడేది మనమే. ఇంటర్ పిల్లలకు ఆదివారాలు కూడా పరీక్షలుంటాయి గనుక, తేదీ ఖాయం చేసే ముందు చుట్టుపక్కల రెండు మూడు కాలేజీల పరీక్షల పట్టిక కనుక్కోవాలి.

గోడ మీది లెక్క, కుర్రాళ్ల చేతికి పని

ఒక ఏడాది మేము జనం కోసం పెద్ద ఖర్చు పెట్టాం. నాయకుల ముఖాలతో ఫ్లెక్సీలు, వేదిక, శాలువాలు, ఉపన్యాసాలు. ఆట ముప్పావు గంట ఆలస్యంగా మొదలైంది. విరామంలో ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "బాబాయ్, ఇప్పటిదాకా మనోళ్లెన్ని నెగ్గారు, ఆళ్లెన్ని నెగ్గారు?" అని అడిగాడు. పాతికేళ్లు కార్యదర్శిగా ఉన్న నేను నీళ్లు నమిలాను. మా దగ్గర శాలువాల బిల్లులున్నాయి గాని స్కోర్లు లేవు.

ఆ వారమే పాత మినిట్స్ పుస్తకాలు, ఇద్దరు ముసలి గోల్‌కీపర్ల జ్ఞాపకాలు, అవతలి క్లబ్బు వాళ్ల డైరీ దగ్గర పెట్టుకుని లెక్క తేల్చాం. రెండు క్లబ్బులూ ఒప్పుకున్న మ్యాచ్‌లనే తీసుకున్నాం. ఒక 1-1 డ్రా మీద రెండు రోజులు వాదన నడిచింది, ఆ వాదన వినడానికే పదిమంది కుర్రాళ్లు గుమిగూడారు. పట్టికను గ్రౌండు ప్రహరీ మీద ఎనామిల్ రంగుతో రాయించాం: తేదీ, స్కోరు, గోల్ కొట్టినవారి పేరు. రేకు బోర్డు పెట్టకండి, మన ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది. తన మేనమామ పేరో, తాత పేరో గోడ మీద చూసుకున్న పిల్లవాడు మరో నలుగురిని వెంటేసుకుని చూపించడానికి వస్తాడు. మాకు వందల ఫ్లెక్సీలు చేయలేని పని ఆ గోడ చేసింది.

తరువాత చేయవలసింది, కుర్రాళ్లను చూడటానికి రమ్మని పిలవడం మానేసి పని ఒప్పజెప్పడం. మైకు ఒకడికి, స్కోరుబోర్డు ఒకడికి, వీడియో ఒకడికి, జెండాలు కుట్టించే బాధ్యత ఒక అమ్మాయికి. ఎవరూ ఇరవై దాటినవారు కాకూడదు. క్లబ్బు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా కూడా వాళ్లకే వదిలేయాలి. మనం నడిపితే అందులో గులాబీ పువ్వుతో శుభోదయాలే ఉంటాయి. నిమిషంన్నర వీడియో, అందులో ఒక గోలో, చేతికి చిక్కి జారిన బంతో, అవతలివాళ్ల మీద ఒక చలోక్తో ఉంటే చాలు. ఆ రాత్రే పడాలి, మర్నాడు కాదు. మైకు పట్టుకున్న కుర్రాడు మొదట తడబడతాడు, తెలుగూ ఇంగ్లీషూ కలిపేస్తాడు, రిఫరీ మీద జోకు వేస్తాడు. ఆ ఒక్క జోకు మాత్రం ఆపించి, మిగిలినదంతా సాగనివ్వాలి.

దరువుకు అద్దె బ్యాండు వద్దు. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడేవారు ఇంకా ఉన్నారు. గుండెకు తప్పెట కట్టుకుని గెంతుతూ వాయించే ఆ దరువు గోల్ పడ్డ క్షణానికి ఏ విదేశీ పాటకంటే బాగా కుదురుతుంది. కళాకారులిద్దరిని నెల ముందు పిలిపించి పేట పిల్లలకు నాలుగు వరసలు నేర్పిస్తే సరిపోతుంది.

అదే రోజు పెద్దల మ్యాచ్‌కు ముందు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు రెండు పేటల మధ్య ఏడుగురేసి జట్లతో ఒక చిన్న మ్యాచ్ పెట్టాలి. పెద్దల ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాముల బరువుంటుంది, పిల్లల కాళ్లకు అది బరువు. నాలుగో నంబరు బంతి వాడండి. ఒక్కో పిల్లవాడి వెంట అమ్మ, నాన్న, అమ్మమ్మ వస్తారు. వాళ్లు కూర్చోవడానికి నీడ, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, ఒక మురీ మిక్చర్ బండి ఉంటే పెద్దల మ్యాచ్ అయ్యేదాకా కదలరు. నేవీ, స్టీల్‌ప్లాంటు క్వార్టర్లలో ఉండే మలయాళీ, బెంగాలీ కుటుంబాలకు కబురు పంపడం మాత్రం మరవద్దు. మన ఊళ్లో ఫుట్‌బాల్ చూడడం తెలిసిన ప్రేక్షకులు వాళ్లలో చాలామంది ఉన్నారు, వాళ్లనెవరూ పిలవరు.

పంతం పగ కాకుండా

1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవ చెలరేగి తొక్కిసలాటలో 16 మంది ప్రేక్షకులు చనిపోయారు. మన దగ్గరకు ఐదు వందల మంది వచ్చినా జాగ్రత్త అదే. రెండు పేటలకు రెండు గేట్లు, మధ్యలో కుటుంబాలు. గీతకు మూడు మీటర్ల దూరంలో తాడు. మూడో పేట నుంచి రిఫరీలు. పోలీసు స్టేషనులో ముందుగా ఉత్తరం ఇచ్చి, ప్రతి తాగినవాణ్నీ గేటు దగ్గరే వెనక్కి పంపాలి. అరుపుల్లో ఏవి చెల్లవో రెండు జట్ల కెప్టెన్లు మ్యాచ్‌కు ముందు రోజు కుర్రాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి: కులం, మతం, ఒంటి రంగు, తల్లి, అక్కచెల్లెళ్లు. పొట్ట మీద, బట్టతల మీద, తప్పిపోయిన పెనాల్టీ మీద ఎంతైనా అనుకోవచ్చు. మా జట్టు స్టాపర్ బ్యాక్‌ను (గోల్ ముందు అడ్డుగా నిలిచే ఆటగాణ్ని) అవతలివాళ్లు ఇప్పటికీ "రోడ్డు రోలర్" అనే పిలుస్తారు, ఆయన పెళ్లికి శుభలేఖ మీద కూడా ఎవరో అలాగే రాశారు.

పందేలను మాత్రం మొగ్గలోనే తుంచాలి. కోడిపందేల సీజనుకు దగ్గరగా మ్యాచ్ పెట్టుకున్నాక ఈ బెడద తప్పదు, పైగా ఇప్పుడది ఫోనులోనే నడుస్తోంది. డబ్బు పందెం కాసినట్లు తెలిస్తే ఆటగాడైనా, జెండా పట్టినవాడైనా ఆ ఏడాదికి క్లబ్బు గడప తొక్కకూడదని ముందే ప్రకటించాలి. దాని బదులు మేము క్లబ్బుకూ క్లబ్బుకూ మధ్య ఒకే పందెం పెట్టుకున్నాం: ఓడిన క్లబ్బు ఐదు కిలోల మాడుగుల హల్వా తెచ్చి, గెలిచినవారి గ్రౌండులో స్వయంగా పంచాలి. ఆ హల్వా తినేటప్పుడు గెలిచిన పేట పిల్లలు పెట్టే ముఖాలను, పంచుతున్న కెప్టెన్ ముఖాన్ని వీడియో తీసే కుర్రాడు వదిలిపెట్టడు.

మ్యాచ్ అయిన మర్నాడు సాయంత్రంలోగా కార్యదర్శికి మూడు పనులుంటాయి. జెండాలు ఉతికించి లెక్కపెట్టి బీరువాలో పెట్టించాలి, లేకపోతే తరువాతి మ్యాచ్‌కు సగం మిగలవు. తదుపరి మ్యాచ్ తేదీని రెండు క్లబ్బుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సమయానికి పెట్టించాలి. మూడోది, పెయింటరును పిలిపించి గోడ మీద కొత్త స్కోరు రాయించడం. ఓడినా సరే అదే సైజు అక్షరాలతో రాయించాలి. కింద మరో వరుసకు గీతలు మాత్రం గీయించి, దాన్ని ఖాళీగా వదిలేయమని చెప్పాలి.